నలుగురి కళ్ళు - చిన్న సినిమా అద్దం

మనుషులకు లాగే కొన్ని ఊళ్ళకు కూడా పెట్టాలనుకున్న పేరు ఒకటి, చివరకు నిలిచిన పేరు ఒకటి ఉంటాయి. టెక్సస్ రాష్ట్రంలో మనం కాపురాలు పెట్టుకున్న ఈ ఫ్రిస్కో అటువంటి ఊరే. 1902లో ఆవిరి రైళ్ళకు నీళ్ళు పట్టే చోటుగా ఇది మొదలైనప్పుడు ఊరివారు దీనిని ఎమర్సన్ అని పిలుచుకోదలచారు. ఆ పేరును పోలిన ఊరు టెక్సస్‌లో మరొకటి ఉన్నదని తపాలా శాఖవారు అంగీకరించలేదు. అప్పుడు తమ ఊరిని నిలబెట్టిన సెయింట్ లూయీ - శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే పేరునే కుదించి ఫ్రిస్కో అనుకున్నారు. పక్కనున్న లెబనాన్ గ్రామంవారు కొందరు, రైలు తమ ఊరి మీదుగా పోకపోవడంతో, తమ ఇళ్ళను కూడా లాగించుకొని వచ్చి ఇక్కడ నిలుపుకున్నారు. అంటే పేరు మార్చుకొని, చోటు మార్చుకొని, తన్ను తాను కొత్తగా తీర్చిదిద్దుకోవడం ఈ ఊరికి పుట్టుకతో వచ్చిన విద్య.

1990లో ఈ ఊరి జనాభా ఆరు వేల పైచిలుకు. 2000లో 33,714. 2010లో 1,16,989. 2020 జనగణన నాటికి 2,00,509. అప్పటికి ప్రతి నలుగురిలో సుమారు ఒకరు ఆసియా మూలాలవారు. ఒకనాడు పత్తి, గోధుమ పండిన నేల మీద నేడు హనుమంతుని గుడి గంట వినిపిస్తున్నది. కిరాణా కొట్లో గోంగూర కట్టలు దొరుకుతున్నాయి. శుక్రవారం వచ్చిందంటే తెలుగు సినిమా మొదటి ఆటకు కార్లు బారులు తీరుతున్నాయి. ఈ ముప్ఫై ఏళ్ళలో ఊరు ఎంత మారిందో అందులో చేరిన మనమూ అంత మారాము.

అయితే మారినవానికి ఒక చిక్కు తప్పదు. అతనిని చూసేవారు రెండు గుంపులుగా ఉంటారు. ఒక గుంపు "వీడు మావాడు కాదు" అంటుంది. రెండవ గుంపు "వీడు ఇంకా మావాడేనా?" అని సందేహిస్తుంది. ఈ రెండు చూపుల నడుమ ఎక్కువగా నలిగేది ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలు. బడిలో పేరు సరిగ్గా పలకలేని వారి ముందు ఒక పరీక్ష, పండుగనాడు తెలుగు సరిగ్గా పలకలేదని నవ్వే పెద్దల ముందు మరొక పరీక్ష. ఈ పరీక్షలలో పిల్లవాడు తన గురించి తాను ఏమనుకుంటాడు? ఈ ప్రశ్నకు మన పురాణ కాలక్షేపాలలో సమాధానం దొరకవచ్చు, దొరకకపోవచ్చు. కాని మన తెలుగువారు, అందులోనూ అమెరికాకు వచ్చిన తెలుగువారు, సొంత డబ్బులతో తీసిన కొన్ని చిన్న సినిమాలలో ఈ ప్రశ్న నిర్భయంగా వినిపించింది. ఆ సినిమాల చరిత్రను మన కుటుంబాల కోసం క్రమంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిన్న సినిమా అంటే ఏమి?

చిన్న సినిమా అన్నప్పుడు నిడివి తక్కువ అని మా అర్థం కాదు. పెద్ద సంస్థల పెట్టుబడి, పేరుమోసిన కథానాయకుడు, పంపిణీదారుల హామీ లేకుండా, చెప్పదలచిన కథ మీద నమ్మకంతో కొద్దిమంది కలిసి తీసుకున్న స్వతంత్ర చిత్రమని అర్థం. పెద్ద చిత్రంలో కథానాయకుడు తెర మీదికి రాకముందే గెలిచి ఉంటాడు. ఈలలు, కాగితం ముక్కలు, పూలదండలు అతని కోసం ముందుగానే సిద్ధం. అతనిని తప్పు పట్టే మనిషి ఆ కథలో ప్రతినాయకుడైపోవడం తప్ప వేరే దారి లేదు. అందువల్ల "నలుగురు నన్ను చూసి ఏమనుకుంటున్నారు, నన్ను నేను ఏమనుకుంటున్నాను" అన్న ప్రశ్నకు అక్కడ చోటు తక్కువ. చిన్న సినిమాలో కాపాడుకోవలసిన ప్రతిష్ఠ ఎవరికీ లేదు. అందులో మనిషి బట్టతలతో కనిపించవచ్చు, నల్లగా కనిపించవచ్చు, ఓడిపోవచ్చు, సిగ్గుపడవచ్చు. మనం అందులో మనలను చూసుకోగలగడానికి కారణం అదే.

తెలుగు తెరకు ఈ ప్రశ్న కొత్తది మాత్రం కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు "మాలపిల్ల" తీశారు. చలం గారు అందుకు రచన చేశారు. కాంచనమాల నాయిక. పుట్టుకనుబట్టి మనిషికి విలువ కట్టే లోకాన్ని ఆ చిత్రం ఆనాడే నిలదీసింది. మరుసటి సంవత్సరం 1939లో కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం ఆధారంగా సి. పుల్లయ్య గారు "వరవిక్రయం" తీశారు. భానుమతి గారు వెండితెరకు వచ్చింది ఆ చిత్రంతోనే. పెళ్ళికొడుకును సంతలో సరుకుగా బేరమాడే పెద్దమనుషులకు అది చెంపపెట్టు.

తరువాత చాలా కాలం వ్యాపారచిత్రాల ఉరవడి సాగింది. 1977లో మృణాల్ సేన్ గారు ప్రేమ్‌చంద్ కథను తెలుగులో "ఒక ఊరి కథ"గా తీయడం, ఆ వెంటనే గౌతమ్ ఘోష్ గారి దర్శకత్వంలో బి. నరసింగరావు గారు మరికొందరితో కలిసి "మాభూమి" నిర్మించడం, 1988లో నరసింగరావు గారే "దాసి" తీయడం మళ్ళీ ఒక దారి చూపించాయి. దొరగారి గడీలో కట్నంతోపాటు వచ్చిన దాసీపిల్ల కథలో నటించిన అర్చన గారికి ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం లభించింది. ఆ కథలో దాసికి తన బొమ్మను తాను చూసుకునే హక్కు కూడా లేదు. ఆమె ఏమిటో ఇతరులే నిర్ణయిస్తారు. ఆ సంకెల తెగడం ఎంత కష్టమో ఆ సినిమా చెప్పింది.

ఇంజనీర్లు కెమెరా పట్టిన కాలం

1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత మన డాక్టర్లు, ఇంజనీర్లు ఈ దేశానికి రావడం పెరిగిందని అందరికీ తెలుసు. వారిలో కొందరు ఉద్యోగాలు చేస్తూనే లోపల మరొక కోరికను దాచుకొన్నారు. హైదరాబాదులో పుట్టిన నగేశ్ కుకునూర్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగు చదివి, అట్లాంటాలోని జార్జియా టెక్‌లో పర్యావరణ ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని, ఆ రంగంలోనే పనిచేశారు. ఆ సంపాదనతో హైదరాబాదుకు తిరిగి వెళ్ళి 17 లక్షల రూపాయలు ఖర్చు పెట్టి, 17 రోజులలో చిత్రీకరణ ముగించి, 1998లో "హైదరాబాద్ బ్లూస్" విడుదల చేశారు. సంభాషణలు ఎక్కువగా ఇంగ్లీషు, మధ్యమధ్య తెలుగు, హిందీ. మన నగరాలలో చదువుకున్న పిల్లలు నిజంగా మాట్లాడుకునే తీరు అదే కనుక ప్రేక్షకులకు అది తమ ఇంటి మాటలాగే వినిపించింది.

కథ మన ఇళ్ళలో జరిగేదే. పన్నెండేళ్ళు అమెరికాలో ఉండి సెలవుకు వచ్చిన వరుణ్‌కు తల్లిదండ్రులు సంబంధాలు చూస్తారు. అతను తాను మారిపోయానని అనుకుంటాడు. ఊరు మారలేదని విసుక్కుంటాడు. అశ్విని అనే డాక్టరమ్మాయిని ఇష్టపడతాడు. ఆ అమ్మాయి మాత్రం అతనిని చూడగానే కరగదు. అమెరికానుంచి వచ్చినవారి మాటతీరు, ధీమా, తొందర ఆమెకు తెలుసు. అందుకని కొలిచి చూస్తుంది. ఈ చిత్రంలోని విశేషం ఇదే. విదేశంనుంచి వచ్చినవాడు ఊరికి తీర్పు చెప్పబోతాడు, ఊరే అతనికి తీర్పు చెబుతుంది. ఆ వేషాన్ని దర్శకుడే స్వయంగా ధరించడం వల్ల ఎగతాళి పడవలసిన చోట తన మీదే వేసుకున్నాడు.

రెండేళ్ళకు, 2000లో, శేఖర్ కమ్ముల గారి "డాలర్ డ్రీమ్స్" వచ్చింది. ఈయన కూడా అమెరికాలో చదువుకొని ఉద్యోగం చేసినవారే. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో సినిమా శాస్త్రం అభ్యసించారు. ఈ చిత్రానికి ఉత్తమ తొలి చిత్ర దర్శకునిగా ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. అమెరికా వెళ్ళాలా, ఉండిపోవాలా అని తర్జనభర్జన పడే హైదరాబాదు కుర్రకారు కథ అది. ఆనాటి వీసా వరుసలు, కంప్యూటరు కోర్సుల బోర్డులు, వెళ్ళినవాడు గెలిచాడనీ ఉన్నవాడు ఓడాడనీ లోకం అనుకునే తీరు గుర్తున్నవారికి ఆ చిత్రం ఒక చరిత్ర పత్రం. మనలో చాలామంది ఆ వరుసలలో నిలుచున్నవారమే. వెళ్ళడమొక్కటే గొప్పతనం అన్న తీర్పు ఎవరు ఇచ్చారు, మనం దాన్ని ఎందుకు తలకెత్తుకున్నాం అని ఆ చిత్రం అడుగుతుంది.

వనజ - పుట్టుక చెప్పిన తీర్పు

మూడవ పేరు రజనీష్ దోమాలపల్లి గారిది. ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి, తరువాత న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సినిమా చదువుకు చేరారు. ఆ చదువులో భాగంగా ఆయన తీసిన తెలుగు చిత్రం "వనజ". 2006లో టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శింపబడింది. 2007లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ తొలి చిత్ర పురస్కారం అందుకున్నది. అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఆ సంవత్సరపు మేలైన విదేశీ చిత్రాలలో దీనిని లెక్కించాడు. ఒక విద్యార్థి చదువు కోసం తీసిన తెలుగు సినిమాకు ఇంత గౌరవం దక్కడం మన వారికి గర్వకారణం. అయినా మన సభలలో దీని పేరు వినిపించడం బహు అరుదు.

వనజ బీద జాలరి కూతురు. జమీందారిణి రమాదేవి ఇంట పనికి కుదిరి, ఆవిడ దగ్గర కూచిపూడి నేర్చుకుంటుంది. కాలికి గజ్జె కట్టగానే ఆ పిల్ల వేరొక పిల్ల అవుతుంది. నిలుచునే తీరు, చూసే తీరు, తలెత్తే తీరు అన్నీ మారుతాయి. మనిషిలో మార్పు అంటే ఏమిటో ఉపన్యాసం లేకుండా ఆ ముఖంలో కనిపిస్తుంది. ఆ పాత్ర ధరించిన మమత భూక్యా అంతకుముందు నటి కాదు. ఈ చిత్రం కోసమే నాట్యం నేర్చుకొన్నది.

తరువాత కథ చీకటిలోకి పోతుంది. జమీందారిణి కొడుకు అమెరికానుంచి తిరిగి వస్తాడు. ఎన్నికలలో నిలబడదలచినవాడు. ఆ పిల్ల పట్ల అతను చేసిన ఘోరానికి శిక్ష ఆ పిల్లకే పడుతుంది. ఆమె నేర్చిన విద్య, ఆమె తెలివి, ఆమె అభిమానం - ఇవేవీ పుట్టుక ముందు లెక్కకు రావు. ఇక్కడ మనం ఆగి ఆలోచించవలసిన మాట ఒకటి ఉన్నది. అమెరికా వెళ్ళినంత మాత్రాన మనిషి మారడు. దూరదేశపు పట్టా, దూరదేశపు దుస్తులు పైపై మార్పులు. ఎదుటి మనిషిని మనిషిగా చూడడం నేర్చుకున్నప్పుడే లోపలి మార్పు. ఈ మాట చెప్పినవారు కూడా అమెరికాలో చదువుకున్న తెలుగువారే కావడం విశేషం.

కంచరపాలెం - నలభైతొమ్మిదేళ్ళ బ్రహ్మచారి

ఇప్పుడు ఈ చరిత్రలో మాకు అన్నింటికన్న దగ్గరగా తోచిన చిత్రం దగ్గరికి వస్తున్నాం. అది "కేరాఫ్ కంచరపాలెం". 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. రచన, దర్శకత్వం వెంకటేశ్ మహా. నిర్మించిన వారు పరుచూరి విజయప్రవీణ గారు, అమెరికాలో స్థిరపడిన హృద్రోగ వైద్యురాలు. పగలు రోగుల గుండె చప్పుడు వినే చేతులు విశాఖపట్నంలోని ఒక కార్మికవాడ గుండె చప్పుడు వినడానికి డబ్బు పెట్టాయి. అంతేకాదు, సలీమా అనే కీలక పాత్రను కూడా ఆవిడే ధరించారు.

కంచరపాలెం విశాఖలో నిజంగా ఉన్న పేట. చిత్రంలో కనిపించే వారిలో ఎనభైమందికి పైగా ఆ చుట్టుపక్కల వారే, అంతకుముందు కెమెరా ముందు నిలుచున్నవారు కారు. ముఖానికి రంగు లేదు. ఇళ్ళు సెట్టింగులు కావు. భాష ఉత్తరాంధ్ర భాష, పత్రికల భాష కాదు. ఒకప్పుడు మన సినిమాలలో ఆ యాసను నవ్వించడానికి మాత్రమే వాడేవారు. నౌకరు, దొంగ, అమాయకుడు ఆ యాస మాట్లాడేవారు, నాయకుడు మాత్రం పుస్తకంలా మాట్లాడేవాడు. ఇక్కడ ప్రేమా, దుఃఖమూ, భక్తీ, గౌరవమూ అన్నీ ఆ యాసలోనే పలికాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలనుంచి వచ్చిన మన కుటుంబాలవారు ఇక్కడ నలుగురిలో మాట్లాడవలసి వచ్చినప్పుడు యాస దాచుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. అటువంటివారికి ఆ సినిమా ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కరలేదు.

కథలో నాలుగు జంటలున్నాయి. బడికి పోయే సుందరం, సునీత. రౌడీ దగ్గర పనిచేసే జోసెఫ్, బ్రాహ్మణుల అమ్మాయి భార్గవి. సారా దుకాణంలో పనిచేసే గడ్డం, రోజూ ముసుగుతో వచ్చి సీసా కొనుక్కుపోయే సలీమా. ఇక నాలుగవ జంట ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు రాజు, అదే కార్యాలయానికి ఒడిశానుంచి బదిలీ మీద వచ్చిన అధికారిణి రాధ. రాజుకు నలభైతొమ్మిదేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. రాధ వితంతువు, ఇరవయ్యేళ్ళ కూతురు ఉన్నది.

రాజుకు పెళ్ళి కాకపోవడం ఊరికి పెద్ద సమస్య. అతనికి కాదు. అతను పొద్దున్నే లేచి, పని చేసుకొని, నలుగురికీ సాయపడి, నవ్వుతూ తిరుగుతాడు. కాని ఊరు ఊరుకోదు. ఇతనిలో ఏదో లోపమున్నదని పుకార్లు పుట్టిస్తుంది. మన తెలుగునాట "నలుగురు ఏమనుకుంటారు" అన్న మాట కంటే బలమైన చట్టం లేదు. రాజ్యాంగాన్ని సవరించవచ్చు కాని దానిని సవరించలేము. ఆ చట్టం ముందు రాజు నిలుచున్న తీరు చూడవలసినది. కోపగించుకోడు, వివరణలిచ్చుకోడు, పారిపోడు. తన్ను గురించి తనకు తెలిసినదానిని ఊరి మాటతో మార్చుకోడు. రాధ కూడా అంతే. ఆమె కూతురు మనసు పెద్దదైతే, ఆమె అన్న మనసు చిన్నదౌతుంది. వయసు మళ్ళిన ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకోవడం పరువుతక్కువ అని పెద్దమనుషులు లెక్కలు వేస్తారు.

గడ్డం, సలీమాల కథ మరీ విచిత్రం. అతను ఆమె కళ్ళను మాత్రమే చూశాడు. ఆ కళ్ళనే ప్రేమించాడు. ఆమె వృత్తి ఏమిటో తెలిసిన తరువాత లోకమైతే ముఖం తిప్పుకునేది. అతను తిప్పుకోలేదు. మనం మనిషి ముఖం చూసి, రంగు చూసి, ఇంటిపేరు అడిగి, జీతం అడిగి, వీసా అడిగి తీర్పు చెబుతాం. కళ్ళు మాత్రమే కనిపిస్తే ఏమి చెబుతాం? ఆ ఒక్క ఊహ చుట్టూ ఆ భాగమంతా అల్లుకున్నారు.

ఈ నాలుగు కథలు చివరకు ఎలా కలుస్తాయో ఇక్కడ రాయము. ఇంకా చూడనివారి పట్ల అది అన్యాయమౌతుంది. మనిషి ఎన్ని దెబ్బలు తిని, ఎన్నిసార్లు మారి, ఈనాటి శాంతానికి వచ్చాడో ఆ చివరి ఘట్టంలో తెలుస్తుంది అని మాత్రం చెప్పి ఊరుకుంటాం. మారడం అంటే పాతవాణ్ణి పారేయడం కాదు, పాతవాళ్ళందరినీ లోపల మోసుకొని ముందుకు నడవడమని అప్పుడు అర్థమౌతుంది. దేశం మారిన మనకు ఇంతకంటె పనికివచ్చే పాఠం వేరే ఉన్నదా?

2018లో న్యూయార్కు భారతీయ చలనచిత్రోత్సవానికి ఈ చిత్రం ఎంపికైంది. ఆ ఉత్సవానికి వెళ్ళిన మొదటి తెలుగు చిత్రం ఇదేనని చెబుతారు. రానా దగ్గుబాటి గారు చూసి ముచ్చటపడగా సురేశ్ ప్రొడక్షన్స్‌వారు దీనిని ప్రజల ముందుకు తెచ్చారు. అంటే చిన్న సినిమాకు మంచి కథ ఒక్కటే చాలదు, చూసి చేయి అందించే పెద్ద మనసు కూడా కావాలన్నమాట.

రంగు మాట

మనలో తీర్పులన్నిటిలోకి పాతది, మొండిది రంగు గురించిన తీర్పు. పసిబిడ్డ పుట్టగానే ఆరోగ్యం తరువాత అడిగే ప్రశ్న అదే. పెళ్ళి ప్రకటనలలో మొదటి విశేషణమూ అదే. ఆ మాట ఎత్తుకున్న చిత్రం "కలర్ ఫోటో". సందీప్ రాజ్ దర్శకత్వంలో 2020 అక్టోబరులో, కరోనా వల్ల థియేటర్లు మూతపడి ఉన్న రోజులలో, ఆహా ద్వారా ఇళ్ళకు చేరింది. 1990ల నాటి మచిలీపట్నం ప్రాంతం. పాలు పోస్తూ ఇంజనీరింగు చదివే నల్లని కుర్రవాడు జయకృష్ణగా సుహాస్, తెల్లని అమ్మాయి దీప్తిగా చాందినీ చౌదరి నటించారు. కథానాయకుడు అనగానే కళ్ళకు కట్టే రూపం కాకుండా మామూలు కుర్రవాడు నాయకుడు కావడమే అందులో సగం కథ. 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో అది ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది.

ఇదే తీర్పు అమెరికాలో మన అమ్మాయి ఒకరు నిజజీవితంలో ఎదుర్కొన్నారు. న్యూయార్కు రాష్ట్రంలో పుట్టిన తెలుగు అమ్మాయి నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికాగా కిరీటం ధరించారు. భారతీయ మూలాలున్న వారిలో ఆ కిరీటం పొందిన మొదటి అమ్మాయి ఆవిడే. ఆ రాత్రే ఒక వైపున "ఈమె అమెరికన్ ఎలా అవుతుంది?" అని ద్వేషపు రాతలు వెల్లువెత్తాయి. మరొక వైపున "ఈ రంగుతో భారతదేశంలో అయితే అందాలపోటీలో గెలిచేదా?" అన్న చర్చ మన దేశపు పత్రికలలో సాగింది. ఒకే ముఖం, రెండు దేశాలు, రెండు తీర్పులు. ఆవిడ రెంటికీ తలవంచలేదు. తరువాతి కాలంలో చర్మపు రంగునుబట్టి మనుషులను ఎంచే అలవాటు మీదనే డాక్యుమెంటరీ పని చేపట్టారు. మన ఆడపిల్లలకు చెప్పవలసిన కథలలో ఇది ఒకటి.

మన మీద తీర్పులు, మన తీర్పులు

ఈ దేశంలో మన గురించి వచ్చిన తీర్పులకు కోర్టు చరిత్ర కూడా ఉన్నది. 1922లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో అడుగుపెట్టారు. చదువు సాగడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నపనులు చేశారు. మరుసటి సంవత్సరం 1923లో భగత్ సింగ్ థింద్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయుడు తెల్లవాడు కాడు కనుక పౌరసత్వానికి అర్హుడు కాడని తీర్పు చెప్పింది. ఆ తలుపు తెరుచుకోవడానికి 1946 దాకా పట్టింది. ప్రపంచానికి మందులు ఇచ్చిన సుబ్బారావు గారు తమ అమెరికా జీవితంలో ఎక్కువ భాగం అటువంటి లోకంలోనే పనిచేశారు. పోనీ అది గడిచిన కాలం అనుకుందామా? 2022 ఆగస్టులో మనకు పొరుగునే ఉన్న ప్లేనోలో భోజనానికి వెళ్ళిన కొందరు భారతీయ స్త్రీలను, వాహనాలు నిలిపే చోట, మీ దేశానికి పొమ్మని ఒకామె దూషించి చేయి చేసుకున్నది. పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. చట్టం మన పక్షాన నిలిచింది. కాని ఆ వార్త విన్న రోజున మన పిల్లలు అడిగిన ప్రశ్నలు పోలీసులు తీర్చగలిగేవి కావు.

అటువంటి చూపులకు నొచ్చుకునే మనం, మన మధ్య ఎటువంటి చూపులు నడుస్తున్నాయో కూడా చూసుకోవాలి. ఏ కంపెనీ, ఏ వీసా, ఏ పేట, ఏ బడి, ఎన్ని గదుల ఇల్లు - మన విందులలో తూకం వేసే రాళ్ళు ఇవి. కొత్తగా వచ్చిన కుర్రవాడు ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే అతనికి సాయం అందడానికి ముందే ఆ కబురు అందరికీ అందుతుంది. విడాకులు తీసుకున్న అమ్మాయి పండుగ సభకు రావడానికి జంకుతుంది. ఇంజనీరింగు వద్దు, బొమ్మలు గీస్తాను, సినిమా తీస్తాను అన్న పిల్లవానికి జాలి చూపులు ఎదురౌతాయి. కంచరపాలెంలో అరుగు మీద కూర్చుని రాజు గురించి గుసగుసలాడినవారు విశాఖలోనే ఉండిపోలేదు. వారికి పాస్‌పోర్టు అక్కరలేదు. ఎక్కడ నలుగురు తెలుగువారుంటే అక్కడికి వచ్చేస్తారు.

అందుకే చిన్న సినిమాల చరిత్రను ఒక పట్టికగా కాక ఒక హెచ్చరికగా, ఒక ఊరటగా కూడా చూడాలని మా మనవి. నగేశ్ ఇంజనీరు, శేఖర్ ఇంజనీరు, రజనీష్ ఇంజనీరు, ప్రవీణ డాక్టరు. అందరూ మన ఇళ్ళలో పెద్దలు మెచ్చే చదువులే చదివారు. ఆ చదువు తమ బతుకును నిలబెట్టింది కనుక, ఆ నిలకడ మీద నిలబడి తమకు తోచిన కథ చెప్పారు. ఉద్యోగం వదిలితేనే కళ అని ఎవరూ అనడం లేదు. కాని మన పిల్లలకు కళ అంటే ఒక రోజు వేదికనెక్కి దిగడం మాత్రమే కాదని, తమ మనసులో ఉన్న ప్రశ్నను నలుగురి ముందు పెట్టడమని తెలియాలి.

ఈ విషయంలో మన సంఘాలు చేయగలిగిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. పండుగ ఉత్సవాలకు పెద్ద తారలను పిలిపించడానికి మనం ఎంత శ్రమ పడుతున్నామో అందులో పదవ వంతు శ్రమతో ఒక మధ్యాహ్నం పూట ఒక చిన్న సినిమాను వేయవచ్చు. "వనజ" వంటివి పెద్దపిల్లలకు, తల్లిదండ్రులు పక్కన ఉండగా. "కేరాఫ్ కంచరపాలెం", "కలర్ ఫోటో" వంటివి ఇంటిల్లిపాదికీ. ఆట ముగిసిన తరువాత వెంటనే భోజనాలకు లేవకుండా ఒక అరగంట పిల్లలను మాట్లాడనివ్వాలి. తెలుగు రాకపోతే ఇంగ్లీషులోనే మాట్లాడనివ్వాలి. వారి ఉచ్చారణను సరిదిద్దే పని ఆ అరగంట పక్కన పెట్టాలి. "నిన్ను ఎవరైనా చూసి తప్పుగా అనుకున్నారా?" అని ఒక్క మాట అడిగితే చాలు. ఏడాది పొడుగునా ఇంట్లో వినిపించని కథలు ఆనాడు వినిపిస్తాయి. ఆ కథలను చేతిలోని ఫోను కెమెరాతోనే పది నిమిషాల చిత్రాలుగా తీయమని వచ్చే ఏటికి పోటీ పెట్టవచ్చు.

అమ్మమ్మలు, తాతయ్యలు కూడా ఆ గదిలో ఉండాలి. రాజు, రాధల కథ చూస్తే వారికి తమ కాలంలో తమ తోడబుట్టినవారిలోనో, పక్కింటివారిలోనో నలుగురి మాటకు భయపడి ఆగిపోయిన జీవితాలు గుర్తుకు వస్తాయి. మనవడు అడిగితే వారు చెబుతారు. అడగకపోతే ఎప్పటికీ చెప్పరు. కుటుంబ చరిత్ర అంటే వంశవృక్షంలో పేర్లు మాత్రమే కాదు, ఆ పేర్ల వెనుక ఎవరు ఎవరిని ఏమన్నారు, ఎవరు ఎలా నిలబడ్డారు అన్నది కూడా.

పేరు దొరకక, చోటు కుదరక, చివరికి తనదైన పేరుతో నిలిచిన ఊరు మనది. ఇక్కడ పెరుగుతున్న పిల్లలకు మనం ఇవ్వగల ఆస్తులలో ఇల్లు, చదువు, నగలు ఉన్నాయి. వాటితోపాటు, ఎదుటివారి కళ్ళలో కాక తమ కళ్ళతో తమను చూసుకునే ధైర్యాన్ని కూడా ఇద్దాం. ఆ ధైర్యం నేర్పే అద్దాలను మన తెలుగువారే తయారుచేసి పెట్టారు. వాటి మీది దుమ్ము తుడిచి పిల్లల చేతికి అందించడమే మిగిలి ఉన్నది.